కొడుక్కి ముందు నడిచి చూసిన బెంగుళూరు

బెంగుళూరు పోయొచ్చినోళ్ళు దీపాలు చూసినాము, మేడలు చూసినాము అని చెప్తారు. నేనూ చూసినాను. అయితే నేను పోయింది ఊరు చూసేదానికి కాదు, నా కొడుకు వీపు చూపించేదానికి. అందుకని నా బెంగుళూరు రవ్వంత వేరేగా ఉంటాది. నాకు అక్షరాలు కూడబలుక్కునేంతే వస్తాయి. నేను చెప్తా ఉండాను, మా చెల్లెలి కోడలు రాస్తా ఉండాది. నా మాట దిద్దొద్దు తల్లీ అని ముందే చెప్పినాను.

మాది హిందూపురం పక్క మగ్గాల ఊరు. నా కొడుకు నరసింహులు. వాళ్ళ నాయన పోయినంక ఆయన మగ్గం కింద కాళ్ళు పెట్టే గుంతలో దిగి, నేసి ఇల్లు నిలబెట్టినాడు. మీసాలు సరిగా రాకముందే పొద్దున లేస్తానే నడుము కట్టె మాదిరి అయిపోతాదమ్మా అనబట్టె. ఆముదం రుద్దినాను, ఇసక కాచి మూటకట్టి కాపినాను. ఆ బిగువు నడుములో మొదలై వీపుకెక్కె, వీపు నుంచి మెడకెక్కె. పక్కన ఎవురన్నా పిలిస్తే మొత్తం మనిషి తిరగాల్సిందే. పెద్దోళ్ళ కాళ్ళకు వంగి మొక్కలేడు. పెండ్లికి పోతే, చూడు వీనికి ఎంత పొగరో, నడుము వంగదు అనిరి. అప్పటినుంచి పెండ్లిండ్లకు పోయేది మానుకున్నాడు.

నా భయం ఇంకొకటి. మా మేనమామకు ఇట్లనే మొదలై, వంగి వంగి, చివరికి నేల తప్ప ఏమీ కనపడకుండా బతికి పోయినాడు. నా కొడుకు అట్ల కాకూడదని వాణ్ణి పడక దిగనిచ్చేదాన్ని కాదు. బూరుగుదూది పరుపు, తలకింద దిండు, మోకాళ్ళకింద ఇంకో దిండు. మగ్గం చప్పుడు ఆగిపోయె.

మా మరిది ఒకనాడు వచ్చి, వదినా, బెంగుళూరు పోయి అడిగిరా, వాడు మళ్ళా గుంతలో దిగేటట్లుంటే సరే, లేకుంటే ఆ మగ్గం మా వానికియ్యి, ఊరికే చెదలు పట్టేదెందుకు అనె. ఆయన మాటలో తప్పు లేదు. నాకే, మగ్గం ఇల్లు దాటితే మొగుడు రెండోసారి పోయినట్లు. మందు తెస్తాను, మగ్గం యాడికీ పోదు అని చెప్పి రైలెక్కినాను.

రైల్లో

రైల్లో కూర్చునే చోటుంది. అయినా నరసింహులు నిలబడే ఉన్నాడు. చెక్కబల్ల మీద కూర్చుంటే లేచేటప్పుడు ప్రాణం పోతాది వానికి. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయి ఒకాయన జరిగి చోటిచ్చి, కూర్చోప్పా అనె. వీడు వద్దనె. మళ్ళా అనె, మళ్ళా వద్దనె. మా పక్కన కూర్చుంటే నీకు మైల అంటుకుంటాదా అని ఆయన మొగం తిప్పుకునె. నేను సంగతి చెప్పినంక ఆయనకు బాధైపోయి, దోవ పొడుగునా తానూ లేచి నిలబడినాడు. ఇద్దరూ తలుపు కాడ నిలబడి ఏమేమో మాట్లాడుకునిరి. సిపాయి ఏదో చెప్తే నా కొడుకు నవ్వబోయి పక్కటెముకలు పట్టుకునె. నవ్వినా నొప్పే.

గౌరిబిదనూరులో ఎక్కినామె చిత్రాన్నం మూట విప్పె. నేను జొన్నరొట్టె, చెనక్కాయల పొడి పెట్టినాను, ఆమె చిత్రాన్నం పెట్టె. వాళ్ళ ఇంట్లో సారులో, అదే మన చారులో, కూడా బెల్లం వేస్తారంట. నేను నమ్మలేదు, బెంగుళూరులో తిన్నంక నమ్మినాను.

ఒక మాట ఈడనే చెప్పాల. మొగుడు పోయిన ఆడది బయల్దేరేవానికి ఎదురు రాకూడదని మా పక్క పట్టింపు. కొడుకు పోయేది ఆసుపత్రికి, ఇంక నేనెట్ల ముందు నడుస్తాను. ఇల్లు దాటినప్పటినుంచి వాని వెనకనే. వాడు చూస్తామంటే మెడ తిరగదు. మాటిమాటికీ, అమ్మా ఉండావా అంటాడు. ఉండాను పో అంటాను. బెంగుళూరు దిగినంక కూడా అట్లనే నడిచినాము.

సత్రం, జట్కా, కాఫీ

స్టేషను బయట జట్కావాడు సత్రానికి అర్ధరూపాయి అడిగె. బేరమాడి తగ్గించినాను. తీరా చూస్తే నరసింహులు దాంట్లోకి దూరలేడు. జట్కా గూడు కిందికి ఉంటాది, తల వంచి ఎక్కాల. తల వంగితే గదా. వెనక్కి తిరిగి ఎక్కి చూసె, పక్కనుంచి ఎక్కి చూసె. గుర్రం విసుక్కునె. జట్కావాడు మంచోడు, నవ్వకుండా, మీ మూటలు నేను తెస్తాను, మీరు నడిచి రండి అని గుర్రాన్ని మెల్లగా నడిపించె. దుడ్లిచ్చి మూటలని జట్కాలో పంపి మేము నడిచిపోయినాము.

సత్రం ముందర ఓటలు. మసాలా దోసె రెండణాలు, కాఫీ అణా. దోసె కొడుక్కి ఇప్పించినాను. నేను మాత్రం కాఫీ తాగినాను, దాపరికమెందుకు. మా ఊళ్ళో నేను కాఫీ తాగితే పదిమంది చూస్తారు. ఆడ ఎవురికీ తీరిక లేదు. చలికి ఆ వేడి గొంతులో దిగతా ఉంటే, ఈ ఊళ్ళో మందు తప్పకుండా దొరుకుతాదని ధైర్యం వచ్చె.

ఆసుపత్రి

పొద్దున్నే పోయి కూర్చున్నాము. బల్ల గట్టిగా ఉంటాదని ఇంటినుంచి తెచ్చిన దిండు చంకలో పెట్టుకొని పోయినాను. వాణ్ణి చీకటి గదిలోకి తీసుకొనిపోయి, చల్లటి బల్ల మీద పడుకోబెట్టి, పైన ఏదో యంత్రం పెట్టినారంట. బయటికి వస్తానే ఎట్లుంది నాయనా అంటే, రవ్వంత తేలికైనట్లుందమ్మా అనె. నేను కండ్లనీళ్ళు పెట్టుకొని కొండ దిక్కుకు దండం పెట్టినాను. నర్సమ్మ చూసి, యాకమ్మా ఏడుస్తావు అనె. ఆ యంత్రంతో నయమైంది తల్లీ అన్నాను. అమ్మా, అది లోపలి ఎముక బొమ్మ తీసేది, మందు కాదు అనె. వాడు నా మొగం చూసె, నేను వాని మొగం చూసినాను. అట్ల చూసుకుంటానే వాని నొప్పి మళ్ళా వచ్చేసె.

డాక్టరు పెద్దాయన. తెలుగు, కన్నడం కలిపి మాట్లాడినాడు. ఆ బొమ్మను కిటికీ వెలుతురుకు పెట్టి చూపించె. గణుపులన్నీ కలిసిపోయిన వెదురు మాదిరి ఉంది వాని వెన్ను. కింద నుంచి ఇంత వరకు అతుక్కునిందమ్మా, దీన్ని విడదీసే మందు నా దగ్గర లేదు, ఎవురన్నా ఉందంటే నమ్మొద్దు అనె. ఇంతదూరం వచ్చింది ఈ మాటకా అని కోపమొచ్చె.

ఆయన నా చంకలో దిండు చూసినాడు. ఇది యాడ పెడతారని అడిగి, తలకింద, మోకాళ్ళకింద అని నేనంటే, మొట్టమొదట దీన్ని వదిలేయండి అనె. పరుపు వద్దు, చెక్కబల్ల మీద పడుకోవాల. పొద్దూ మాపూ కాసేపు బోర్లా పడుకోవాల. గోడకు మడమలు, వీపు, తల ఆనించి నిలబడాల. రొమ్ము నిండా గాలి పీల్చాల. నడవాల. అన్నీ చెప్పి చివరికి అనె:

"పడుకోబెడితే ఇది బిగుసుకుంటానే పోతాది. కదిలించినంత మేరా మీది."

నేను మగ్గం సంగతి అడిగినాను. గుంతలో ఎట్ల కూర్చుంటావో చూపించప్పా అని ఆయన అంటే వాడు బల్ల అంచున కూర్చుని కాళ్ళు కిందికి వేసి ముందుకు వంగి చూపించె. డాక్టరు తల అడ్డంగా ఊపినాడు. దినమంతా ఇట్ల కూర్చుంటే ఇట్లనే గట్టిపడిపోతాడమ్మా అనె. మా మేనమామ కండ్లముందర కనపడె.

పోయేటప్పుడు ఆయన ఒక గుర్తు చెప్పినాడు. బళేపేటలో గాజులంగడి మునెప్పకు కూడా ఇదే జబ్బు, ఎన్నో ఏండ్లనుంచి తన దగ్గరికి వస్తాడు, పోయి ఆయన్ని చూడండి, బతికేదెట్లో నాకంటే బాగా చెప్తాడు అనె. మందు చీటీకి బదులు మనిషి గుర్తు ఇచ్చి పంపే డాక్టరుని నేను యాడా చూడలేదు. నొప్పికి మాత్రలూ ఇచ్చినాడులే.

సత్రంలో కడుపుతో ఉన్న ఒక బిడ్డ ఒట్టి నేల మీద పడుకోలేక అల్లాడతా ఉండె. దిండు ఆమెకిచ్చేసినాను.

చిక్కపేట సందులో

తెల్లారి బళేపేటకు బయల్దేరినాము. చిక్కపేట మీదుగా పోవాల. ఆ సందు చూస్తే మా ఊరి తేరు దినం జనం ఏమూలకీ చాలరు. ఒక పక్క బట్టల మూటలు నెత్తిన పెట్టుకొని హమాలీలు, ఇంకో పక్క తోపుడుబండ్లు. వెనకనుంచి అరిస్తే అందరూ తిరిగి చూసి తప్పుకుంటారు. నా కొడుకు తిరగలేడు గదా, ఒక బండి వాని మడమకు తగిలె. నేను వెనకనుంచి అరిచినాను. ఇంతలో మా ఇద్దరి మధ్యన బట్టల మూటల బండి ఒకటి అడ్డమొచ్చి నిలబడిపోయె. అది కదిలేసరికి వాడు లేడు.

ఇంగ చూసుకోండి నా గతి. కన్నడం రాదు. వాడు వెనక్కి చూడడు. ఒక అంగడి మెట్టు మీద కూలబడి ఏడుస్తా ఉండాను. అంగడాయన మంచినీళ్ళిచ్చె. ఎవురు పోయినారమ్మా, ఎట్లుంటాడు అని అడిగితే, వెనక్కి చూడడు నాయనా అని మాత్రం చెప్పినాను. ఆయనకేం అర్థమవుతాది.

కాసేపటికి జనంలో వాని తల కనపడె. వాని ముందర ఆకుకూరల గంప నెత్తిన పెట్టుకొని ఒక ఆడమనిషి, బొట్టు లేని మొగం, తెల్లకోక, నా ఈడుదే. వాణ్ణి చెయ్యి పట్టి లాక్కొని వస్తా ఉండాది. పేరు చౌడమ్మ. వర్తూరులో చెరువు కింద ఆకుకూర పెంచి తెచ్చి అమ్ముకుంటాదంట. మన తెలుగే. గంప దించి నన్ను చూసి నవ్వె.

"నీ కొడుకు నన్ను అమ్మనుకొని కడుపులో ఉండేదంతా చెప్పేసినాడు తల్లీ. నేను సరే అనేసినాను. ఇంగ నువ్వు కాదంటే కుదరదు."

జరిగిందేమంటే, నేను వెనకనే ఉండానని వాడు మాట్లాడుకుంటా పోయినాడు. నా బదులు వెనక చౌడమ్మ నడుస్తా ఉండె. అమ్మా, మగ్గం చిన్నాయనకే ఇచ్చేద్దాం, నాకు ఆ గుంత చూస్తేనే భయం, పరుపు చూస్తే అంతకంటే భయం, నిలబడి చేసే పని ఏదన్నా చూసుకుంటాను అన్నాడంట. పరాయి మనిషి ఏమనాల. పాపం అనుకొని, సరే నాయనా, అట్లే కానీ అనె ఆమె. మా అమ్మ ఇంత సులువుగా ఒప్పుకునే మనిషి కాదే అని అనుమానమొచ్చి మొత్తం తిరిగి చూసినాడంట.

చుట్టూ ఉన్నోళ్ళు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. నాతో చెప్పరాని మాట దోవన పోయే ఆమెతో చెప్పినావే అన్నాను.

"నీ మొగం చూస్తే చెప్పలేనమ్మా. వెనక ఉండావనుకున్నాను గాబట్టి నోరొచ్చింది."

చౌడమ్మ నా పక్కన కూర్చుని, కొడుకు తిరగలేనోడు, నువ్వు వెనకెందుకు నడుస్తా ఉండావు అని అడిగె. మొగుడు లేనిదాన్ని, ఎదురుపడకూడదని అన్నాను. ఆమె కొత్తిమీర కట్టలు సర్దుకుంటానే అనె:

"నేనూ అంతే. పొద్దున్నే ఈ పేటంతా లేచి నా మొగమే చూస్తాది. ఊరు బాగానే ఉండాది గదా."

ఆమె ఒక కట్ట మెంతాకు నా ఒళ్ళో పెట్టి, దుడ్లు తీసుకోకుండా పోయె. నేను లేచి కోక దులుపుకొని నరసింహులు ముందుకు పోయి నిలబడినాను. రా అన్నాను. వాడు కదల్లేదు. నా మొగం చూస్తా ఉండాడు. ఎన్నో దినాలైంది వాడు నన్ను నడిదోవలో ఎదురుగా చూసి. నేను నాలుగడుగులు ముందుకు వేసినంక, నీకు నడక ఇంత వంకరని నాకు తెలీదే అమ్మా అనె. నోరు మూసుకొని రా అన్నాను.

బళేపేట

గాజులంగడి గడప కాడ మళ్ళా నిలబడిపోయినాను. ఒట్టి చేతులతో గాజులంగడి ఎట్ల ఎక్కేది. ముందర నేనే ఉండానాయె, వెనక్కి పోతే కొడుకు గుద్దుకుంటాడు. ఎక్కినాను.

మునెప్ప అన్న మా పక్కకు తిరగనే లేదు. ఎదురుగా అద్దం వేలాడదీసుకొని ఉండాడు, దాంట్లోనే చూసి, రాండమ్మా, మన కులపాయన్ని తెచ్చినారే అనె. కులం కాదు, జబ్బు. నడక చూస్తానే కనుక్కునినాడు. ఆయన అంగట్లో గాజులు కింద ఒక్కటీ లేవు, అన్నీ కండ్ల ఎత్తున కొక్కేలకు కట్టి ఉండాయి. ఆయన కూర్చునేది లేదు, నిలబడే వ్యాపారం. కిందపడింది తీసేదానికి కొసన కొక్కెముండే కట్టె. రవ్వంత వంగే ఉండాడు, నేను అబద్ధమాడను. అయినా ఎదురుగా ఉన్నోళ్ళ మొగం చూసేంత నిటారుగా ఉండాడు.

ఆయన పెండ్లాం తాయమ్మ కాఫీ తెచ్చె. ఈయన తల వంచి కంచం చూడలేడు గాబట్టి నేను ఏం వండినా వంక పెట్టలేడు, నా అంత సుఖపడే ఆడది ఈ పేటలో లేదు అనె. ఆయన అద్దంలో ఆమెను చూసి, నా కాపురం ముందరికి పోయేదే, ఈమె నా వెనకనుంచి పుట్టింటికి పోతుంటే కూడా నాకు కనపడదు గదా అనె. నా కొడుకు పక్కలు పట్టుకొని నవ్వె. నొప్పికి కండ్లలో నీళ్ళొచ్చినా నవ్వుతానే ఉండె.

తర్వాత నరసింహులు వానికి కావాల్సింది అడిగె. పొద్దున లేచేది ఎట్లన్నా అని. ఎవురికీ తోచని ప్రశ్న అది, వాళ్ళకు తప్ప. ఆయన నవ్వు మాని చెప్పినాడు. లేస్తానే లేవొద్దప్పా, పక్కకు దొర్లు, కాళ్ళు కిందికి విడిచి చేతి మీద లెయ్యి. వేడినీళ్ళు పోసుకో. గోడకు ఆనుకో. మొదట ప్రాణం పోతాది, కాసేపు నడిస్తే వస్తాది. కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోతే పసరు పోసుకోకుండా ఆ పొద్దే డాక్టరు దగ్గరికి పో. కొన్ని దినాలు ఏం చేసినా కాదు, ఆ దినాలు తాయమ్మ అంగట్లో నిలబడతాది.

నొప్పి పోలేదాన్నా అని వీడు మళ్ళా అడిగె.

"పోలేదు. ఈ ఇంట్లోనే ఉంటాది. పెత్తనం మాత్రం ఇయ్యలేదు."

మధ్యాహ్నం దాకా ఆడనే ఉండిపోయినాము. చౌడమ్మ ఇచ్చిన మెంతాకు తాయమ్మ పప్పులో వేసె. సారులో బెల్లం తగిలె.

తిరుగు రైలు

రైల్లో వాడు నిలబడి ఉండాడు, నేను ఎదురుగా కూర్చుని ఉండాను. నిలబడి చేసే పని మగ్గాలోళ్ళకు ఏముందబ్బా అని ఆలోచిస్తా ఉండాను. మగ్గం వదిలేది నాకింకా గొంతులో ముల్లే. యలహంక దాటినంక తట్టె. పడుగు ఉండాది గదా.

మగ్గం సంగతి తెలీనోళ్ళకు చెప్తాను. నేసేదానికి ముందు పడుగు నూలంతా వీధిలో పొడుగునా గుంజలకు కట్టి సాగదీస్తారు. గంజి పెట్టి, అటొకరు ఇటొకరు నిలబడి కుంచె పట్టుకొని ఈ కొసనుంచి ఆ కొసకు నడుస్తానే ఉండాల. ఎండ ముదిరేలోగా అయిపోవాల. పొద్దున్నే చలిలో తిరగాలని ఎవురికీ ఇష్టముండదు, వంతులేసుకొని తిట్టుకుంటా చేస్తారు. నడిచే పని, చెయ్యి చాచే పని. నీకు అంతకంటే మందేముంది నాయనా అన్నాను.

పొద్దున నాకు పనికిరాని పొద్దమ్మా అనె వాడు. అందుకే ముందు లేపుతాను అన్నాను. నువ్వే నన్ను లేపుతావా అని అడిగె, నమ్మకం లేక.

ఇల్లు

మరిది సాయంత్రమే వచ్చె. నేను నోరు తెరిచేలోపల నరసింహులే, చిన్నాయనా, మగ్గం తీసుకొనిపో, మీ వాని పడుగు, మీ పక్కింటోళ్ళ పడుగు నాకియ్యి అనె. ఆయన నా పక్క చూసినాడు. వాడు చెప్పింది వినలేదా అన్నాను. మగ్గం విప్పి గడప దాటించేటప్పుడు నేను వంటింట్లో ఉన్నాను. ఆ మాట కూడా చెప్పాల్సిందే.

మొదట్లో శానా కష్టమాయె. చెక్కబల్ల మీద నిద్ర పట్టలేదు వానికి. ఒకనాడు వేడినీళ్ళు పోసినా, గోడకు ఆనించినా వీపు విడవక, ఎండ వచ్చినంక వీధిలోకి వచ్చె. నూలు ఎండి పట్టెలు కట్టె, అందరూ సణిగిరి. వంగకుండా ఉండేదానికి గుంజలు ఎత్తు చేయించినాడు. ఇది పడుగా, పెండ్లి పందిరా అని ఎగతాళి చేసిరి. అటుపక్క కుంచె పట్టే పొట్టిమనిషి మునివేళ్ళ మీద నడవాల్సి వచ్చె. అయినా వాని చేతి పడుగు తెగదని, నేసేటప్పుడు నూలు నునుపుగా జారుతాదని తెలుసుకునిరి. వీపు నిక్కినిందా అని మీరు అడుగుతారు. లేదు. ఉన్నదానికంటే ఎక్కువ వంగనూ లేదు. మా ఇంట్లో దాన్నే పండగ అంటాము.

మొన్న గడపలో కూర్చుని బియ్యం ఏరతా ఉంటే పై వీధి ఓబులేశు వచ్చినాడు. పెండ్లిలో వీనికి పొగరన్నవాడే. పడుగు ఉండాది, రేపు పొద్దున రాప్పా నరసింహులూ అనె. నా కొడుకు వీధిలో నిలబడి, కాళ్ళతో సహా మెల్లగా ఆయన పక్కకు తిరిగి, రేపు కాదన్నా, ఎల్లుండి కూడా ఇద్దరికి మాటిచ్చినాను, ఆ పైన చూద్దాం అనె.

ఓబులేశు బతిమాలబట్టె. నేను చేటలో రాళ్ళు చూసుకుంటా ఉండాను. బతిమాలనీ.